‘ఇందులో నువ్వెక్కడ?’ అని రాసి ట్యూటర్ నా రిఫ్లెక్షన్ తిప్పి పంపారు. కల్చరల్ సేఫ్టీ అంటే అసలు ఏం రాయాలి?

ప్లేస్‌మెంట్_కష్టాలు

అందరికీ నమస్తే. ఆస్ట్రేలియాలో నర్సింగ్ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ప్రస్తుతం నార్తర్న్ టెరిటరీలో ఒక ఆసుపత్రిలో ప్లేస్‌మెంట్, మెడికల్ వార్డు. వార్డులో ఎక్కువమంది అబొరిజినల్ (ఇక్కడి మూలవాసులు) పేషెంట్లే. పోయిన వారం ఒక పెద్దావిడ నా బెడ్ల కిందకి వచ్చింది (గుర్తుపట్టే వివరాలు మార్చేశాను). షుగరు, పాదానికి పుండు, ఇన్ఫెక్షన్ లోపలికి పోయింది, ఇంకో ఐదు రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్ పడాలి. అది వివరించే పని నాకిచ్చారు. నేను నవ్వుతూనే, మెల్లగానే చెప్పాను. అర్థమైందా అంటే యెస్ అంది. ఐదు రోజులు ఉంటారా అంటే యెస్. నొప్పి ఉందా, యెస్. నొప్పి తగ్గిందా, యెస్. అక్కడే నాకు డౌట్ రావాల్సింది, కానీ అవతల ఇంకో ముగ్గురికి మందులివ్వాలి, ‘ఎడ్యుకేషన్ ఇచ్చాను, పేషెంట్ అర్థం చేసుకున్నారు’ అని చార్టులో రాసేసి వెళ్లిపోయాను.

తెల్లారి డ్యూటీకి వస్తే మంచం ఖాళీ. చార్టులో ‘టుక్ ఓన్ లీవ్’ (తనంతట తానే వెళ్లిపోయింది) అని ఉంది. హ్యాండోవర్‌లో, అంటే షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పజెప్పే చోట, ఒకరు ‘నాన్ కంప్లయంట్ (చెప్పింది వినదు), వీళ్లెప్పుడూ ఇంతే’ అన్నారు. నేనూ తల ఊపాను. ఎందుకు ఊపానో తెలీదు, అందరూ ఊపుతుంటే ఊపేశాను.

దీని మీదే కల్చరల్ సేఫ్టీ గురించి 1500 పదాల రిఫ్లెక్షన్ (జరిగింది వెనక్కి చూసుకొని రాసే వ్యాసం) రాయాలి. నేను కష్టపడి చదివి రాశాను: అబొరిజినల్ వాళ్లు కళ్లలోకి సూటిగా చూడరని, చావు జరిగితే సారీ బిజినెస్‌కి (సంతాప కర్మలకి) వెళ్లాల్సి ఉంటుందని, మగవాళ్ల విషయాలు ఆడవాళ్ల విషయాలు వేరుగా ఉంటాయని, ఇలా రెండు పేజీలు. ట్యూటర్ ఒక్క లైన్ రాసి తిప్పి పంపారు: ‘ఆమె సంస్కృతి గురించి రాశావు. ఇందులో నువ్వెక్కడ?’

నాకు నిజంగా అర్థం కాలేదండి. నేనేం తప్పు చేశాను? మర్యాదగానే మాట్లాడాను కదా. క్లాసులో ‘మీ పవర్ గురించి ఆలోచించండి’ అంటారు, స్టూడెంట్ వీసా మీద ఉన్న, నోరు తెరిస్తే యాస మీద జోకులు వేయించుకునే నాకు ఇక్కడ పవరేంటి? ఆ మాటలు తెల్లవాళ్లకి చెప్పాల్సినవి కావా? ఇంకోటి, అడ్మిషన్ ఫారంలో ‘మీరు అబొరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ (ఉత్తరాది దీవుల మూలవాసులు) మూలాలున్నవారా’ అనే ప్రశ్న అడగాలంటే నోరు రావట్లేదు, మొహం చూసి టిక్ పెట్టేస్తున్నాను. ఇది కరెక్టేనా? శుక్రవారానికి సబ్మిట్ చేయాలి, టెన్షన్‌గా ఉంది.

ఎడారి_నర్సు

చెల్లీ, తొమ్మిదేళ్లుగా సెంట్రల్ ఆస్ట్రేలియాలో రిమోట్ క్లినిక్కుల్లో పనిచేస్తున్నాను. నీ పోస్టులో నువ్వే జవాబు రాసేశావు, కానీ నీ కంటికి అది కనబడట్లేదు, అంతే. ‘తల ఊపాను’ అన్నావు చూడు, అదే నీ రిఫ్లెక్షన్. ఆ రెండు పేజీలు కాదు.

పవర్ అంటే వీసా అనుకోకు. ఆ గదిలో ఎవరు నిలబడి ఉన్నారు, ఎవరు పడుకొని ఉన్నారు? గడియారం ఎవరిది? ఏ భాషలో మాట్లాడాలో ఎవరు తేల్చారు? పెన్ను ఎవరి చేతిలో ఉంది? నువ్వు ఆమె గురించి ‘అర్థం చేసుకున్నారు’ అని రాశావు, అది ఆమె రికార్డులో ఏళ్ల తరబడి ఉంటుంది. ఆమె నీ గురించి ‘ఈ పిల్ల వినిపించుకోలేదు’ అని రాయడానికి ఆ చార్టులో చోటే లేదు. రేపు ఇంకో ఆసుపత్రిలో ఇంకో నర్సు ఆ చార్టు తెరిచి, చెప్పినా వినని మనిషి అనుకుంటుంది. బయట బస్సులో నీకు పవర్ లేకపోవచ్చు, యూనిఫాం వేసుకున్నాక ఉంటుంది.

ఇక ఆ యెస్‌ల సంగతి. ఇక్కడ కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ దీంట్లో పడతారు, నేనూ పడ్డాను. పై హోదాలో ఉన్న మనిషి వరసగా ప్రశ్నలేస్తుంటే ‘యెస్’ అంటే ‘నువ్వు చెప్పింది నిజం’ అని కాదు, ‘వింటున్నాను, గొడవొద్దు, ఇక కానీ’ అని. పోలీస్ స్టేషన్లలో, కోర్టుల్లో ఈ యెస్ వల్ల మనుషులు చేయని నేరాలు ఒప్పుకున్నట్టు అయిపోతుందని భాషా శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. అందుకే యెస్, నో వచ్చే ప్రశ్నలు మానెయ్. కుర్చీ లాక్కొని కూర్చో. ‘ఇంటికెళ్లాక ఈ కాలు గురించి మీ అమ్మాయికి ఏం చెబుతారు?’ అని అడుగు. అడిగాక నోరు మూసుకో. ఇదే కష్టం. మనకి నాలుగు సెకన్లు నిశ్శబ్దం ఉంటే చాలు, ఏదో అయిపోయినట్టు మళ్లీ మాట అందుకుంటాం. ఆమెకి ఆ నిశ్శబ్దం ఆలోచించుకునే టైము. నేను మొదట్లో బూటు లోపల కాలి వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి, నవ్వొద్దు, పనిచేస్తుంది.

ఇంకో మాట అడుగుతాను. ఆమె మాతృభాష ఏంటో అడిగావా? మన ఊరి నుంచి కూతుర్ని చూడ్డానికొచ్చిన తెలుగు అమ్మమ్మ ఆ మంచం మీద ఉంటే, వార్డు వాళ్లు ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచేవాళ్లు కదా. ఈమె ఆస్ట్రేలియా మనిషి కాబట్టి ఇంగ్లిష్ వచ్చేసి ఉంటుందని అనుకున్నాం. వార్ల్‌పిరి, అరెర్న్‌టె, యోల్ఙు భాషలు, క్రియోల్, ఇవన్నీ ఇక్కడ ఇళ్లల్లో మాట్లాడే భాషలు, చాలామందికి ఇంగ్లిష్ మూడోదో నాలుగోదో. టెరిటరీలో అబొరిజినల్ ఇంటర్‌ప్రెటర్ సర్వీస్ అని ప్రభుత్వానిదే ఉంది. మీ వార్డులో నంబరు ఎక్కడో గోడకి అంటించే ఉంటుంది, చూడు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లతో కూడా జాగ్రత్త, అబొరిజినల్ ఇంగ్లిష్‌లో ‘కిల్’ అంటే కొట్టడం అని కూడా అర్థం, ‘చీకీ’ కుక్క అంటే అల్లరిది కాదు, కరిచేది. ‘షేమ్’ అంటే సిగ్గు, ఇబ్బంది. ఒకావిడ ఇంజెక్షన్ వద్దు ‘షేమ్’ అంటే, నొప్పికి భయపడుతోందనుకుని పది నిమిషాలు ధైర్యం చెప్పాను. నేను మగవాణ్ణని ఆమె ఇబ్బంది. ఆడ నర్సు వచ్చాక రెండు నిమిషాల్లో అయిపోయింది.

అలాగని ఇవన్నీ లిస్టు రాసుకొని బట్టీ పట్టకు. ఒక ఉదాహరణ చెబుతాను. ఎడారిలో చాలాచోట్ల చనిపోయినవాళ్ల పేరు పలకరు, అదే పేరున్న బతికున్నవాళ్లని కూడా కొన్నాళ్లు ‘కుమంజాయి’ అని పిలుస్తారు. ఇది తెలియని నర్సు వెయిటింగ్ రూములో పాత పేరు పెట్టి గట్టిగా పిలుస్తుంది, ఎవరూ లేవరు, ‘రాలేదు’ అని టిక్ పెట్టేస్తుంది. మనిషి ఎదురుగా కూర్చొనే ఉంటాడు. ఇది తెలుసుకోవడం మంచిదే. కానీ దీన్ని పట్టుకొని సిడ్నీలో పుట్టి పెరిగిన అబొరిజినల్ లాయర్ దగ్గర ‘మీ ఇంట్లో ఎవరైనా పోయారా, మీ పేరు పిలవొచ్చా’ అని మొదలుపెడితే ఆయన నిన్ను ఎగాదిగా చూస్తాడు. వందల భాషలు, వందల జనాలు. ఆమె ఎలా ఉంటుందో ఆమెనే అడగాలి.

అసలు ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆమె ఎందుకు వెళ్లిపోయింది? నీ పోస్టంతా రెండుసార్లు చదివాను, ఎక్కడా లేదు. ఎవరైనా కనుక్కున్నారా?

సూటిగా_చెప్తా

నాకైతే ఇదంతా అనవసరమైన పాలిటిక్స్ అనిపిస్తుంది, తిట్టుకున్నా సరే. నేను మెల్‌బోర్న్‌లో ఏజ్డ్ కేర్‌లో ఆరేళ్లుగా చేస్తున్నాను. పేషెంట్ పేషెంటే. నలుపు తెలుపు చూడకుండా అందరినీ ఒకేలా చూస్తే చాలు, నర్సు పని అదే. 2018లో నర్సులు తెల్లవాళ్లమైనందుకు పేషెంటు ముందు క్షమాపణ చెప్పుకోవాలని రూల్ పెట్టారు, టీవీలో పెద్ద గొడవయింది, గుర్తుందా? ఆమె తన ఇష్టప్రకారం వెళ్లిపోయింది, పెద్ద మనిషి, ఆమె నిర్ణయం. దానికి ఈ అమ్మాయి 1500 పదాలు తన తప్పు వెతుక్కోవాలా? మనమేమీ వాళ్ల భూమి లాక్కోలేదు కదా.

ఆక్లాండ్_అక్క

@సూటిగా_చెప్తా గారూ, అలాంటి రూల్ ఎప్పుడూ లేదు. 2018 మార్చి నుంచి నర్సులకి కొత్త కోడ్ ఆఫ్ కాండక్ట్ (ప్రవర్తనా నియమావళి) వచ్చింది, అందులో కల్చరల్ సేఫ్టీ చేర్చారు, క్షమాపణ చెప్పమని అందులో ఎక్కడా లేదు, నర్సింగ్ బోర్డు కూడా అలాంటిదేమీ లేదని బయటికి చెప్పింది. మీరు చూసింది టీవీ చర్చ. ఇక్కడ న్యూజీలాండ్‌లోనూ తొంభైల్లో అచ్చంగా ఇదే గొడవ జరిగింది, పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది, కాబట్టి నాకేం ఆశ్చర్యం లేదు.

‘కల్చరల్ సేఫ్టీ’ అనే మాట పుట్టిందే నర్సుల దగ్గర, అది కూడా ఒక స్టూడెంట్ దగ్గర. 1988లో క్రైస్ట్‌చర్చ్‌లో మావోరీ (న్యూజీలాండ్ మూలవాసులు) నర్సింగ్ విద్యార్థులు, టీచర్లు ఒక సమావేశం పెట్టుకున్నారు. మొదటి ఏడాది చదువుతున్న మావోరీ అమ్మాయి లేచి, మీరు చట్టపరమైన సేఫ్టీ అంటారు, క్లినికల్ సేఫ్టీ అంటారు, మరి మా సంస్కృతికి సేఫ్టీ ఏది అని అడిగింది. ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ఆ ప్రశ్నని పట్టుకొని ఏళ్లపాటు పనిచేశారు, 1992కల్లా న్యూజీలాండ్ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సు చదువులో భాగం చేసింది. ఆస్ట్రేలియా, కెనడా మా దగ్గర్నుంచే తీసుకున్నాయి (మా అంటున్నాను చూశారా, పదిహేనేళ్లయ్యేసరికి ఇదొకటి అలవాటైంది).

మీరన్న ‘అందరినీ ఒకేలా’ అనే మాటనే రామ్స్‌డెన్ ప్రశ్నించింది. జాతి, రంగు చూడకుండా సేవ చేయాలని నర్సులకి నేర్పేవాళ్లు. చూడకుండా కాదు, చూసి, లెక్కలోకి తీసుకొని చేయాలి అందావిడ. చూడకుండా చేస్తే చివరికి అందరికీ మన అలవాటు ప్రకారమే చేస్తాం కాబట్టి. మీ ఏజ్డ్ కేర్‌లోనే చూడండి, శాకాహారి పెద్దాయనకీ మిగతావాళ్లకీ ఒకే ప్లేటు పెడితే అది సమానత్వమా?

పాపా, నీ ట్యూటర్ ప్రశ్న కూడా ఇక్కడిదే. నువ్వు నేర్చుకున్నది కల్చరల్ అవేర్‌నెస్, అంటే ‘వాళ్లు ఎలా ఉంటారు’. రామ్స్‌డెన్ నర్సుల్ని అవతలివాళ్ల ఆచారాల మీద ఎక్స్‌పర్టులు కమ్మనలేదు, నిజానికి దానికి విసుక్కునేది. నర్సు మొదట తనని తాను చూసుకోవాలి, ఏ ఇంట్లో పుట్టాను, ఏది మామూలు అనుకుంటున్నాను, ఎవరిని చూస్తే చిరాకొస్తుంది, ఎందుకు. ఇంకోటి గట్టిగా గుర్తుపెట్టుకో. సేఫ్‌గా ఉందో లేదో చెప్పేది నర్సు కాదు, సేవ పొందిన మనిషి. నువ్వు ‘మర్యాదగా మాట్లాడాను’ అన్నావు, అది నీ మార్కు నువ్వే వేసుకోవడం. ఆస్ట్రేలియా వాళ్ల నిర్వచనంలో కూడా అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ మనుషులు, కుటుంబాలు, వాళ్ల సమాజాలే అది తేలుస్తాయని రాసి ఉంటుంది, చూసుకో.

సూటిగా_చెప్తా

శాకాహారి ప్లేటు పోలిక బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆసుపత్రి ప్రాణాలు కాపాడే చోటు, అక్కడికి రావడానికే భయమైతే నర్సు ఏం చేస్తుంది?

రెండో_గ్లాసు

ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో నేను చెబుతాను. నేను పెర్త్‌లో చదివాను, ఇప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియాలోనే మిడ్‌వైఫ్‌ని.

మా రాష్ట్రంలో బెర్నియర్, డోర్ అని సముద్రంలో రెండు దీవులున్నాయి. 1908 నుంచి 1919 వరకు అక్కడ ‘లాక్ హాస్పిటల్స్’ నడిపారు. సుఖవ్యాధి ఉందని అనుమానం వస్తే చాలు, అబొరిజినల్ వాళ్లని ఊళ్ల నుంచి పట్టుకొని, కొందరిని మెడకి గొలుసులేసి నడిపించి, పడవెక్కించి మగవాళ్లని ఒక దీవిలో ఆడవాళ్లని ఇంకో దీవిలో పెట్టేవాళ్లు. చాలామంది తిరిగి రాలేదు. దాని పేరు ఆసుపత్రి. @ప్లేస్‌మెంట్_కష్టాలు, మీ వైపు డార్విన్ హార్బర్‌లో చానెల్ ఐలాండ్ ఉంది, 1931 నుంచి 1955 దాకా అక్కడ కుష్ఠు రోగుల్ని బంధించారు. నీ వార్డులో ఉన్న డెబ్భై ఏళ్ల మనిషికి అది చరిత్ర పాఠం కాదు, పిన్నో పెదనాన్నో. ఇక చాలా ఊళ్లలో అబొరిజినల్ రోగులకి వార్డులో కాకుండా వెనక వరండాలో మంచాలు వేసేవాళ్లు. స్టోలెన్ జెనరేషన్స్, అంటే కుటుంబాల నుంచి లాక్కెళ్లిన అబొరిజినల్ పిల్లల గురించి నీకు సబ్జెక్టులో చెప్పే ఉంటారు, 1997 నాటి ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ రిపోర్టు తీసి చదువు, పురిటి మంచం మీద నుంచే పిల్లల్ని తీసుకెళ్లిన తల్లుల మాటలు కనిపిస్తాయి. నేను పురుళ్లు పోసేదాన్ని, అది చదివాక వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఇప్పటికీ కొందరు తల్లులు ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అనే మాట వినగానే బిగుసుకుపోతారు, ‘కోఆపరేటివ్ కాదు’ అని మనం రాసేస్తాం.

@సూటిగా_చెప్తా, మనం భూమి లాక్కోలేదు, నిజమే. కానీ ఆ ఆసుపత్రిలో జీతం తీసుకుంటున్నాం, ఆ యూనిఫామే వేసుకుంటున్నాం. మంచం మీద మనిషికి మొదట కనబడేది యూనిఫామే కదా.

నా పేరు ఇలా ఎందుకు పెట్టుకున్నానో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా నాయనమ్మకి జ్వరమొస్తే ఒక డాక్టరుగారు నాడి చూడ్డానికి కూడా చెయ్యి ముట్టుకోలేదట, దూరం నుంచే అడిగి చీటీ రాసిచ్చాడట, మర్యాదగానే మాట్లాడాడట కూడా. ఆమె మళ్లీ ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. చదువుకోని మనిషి, మూఢనమ్మకం, నాటు వైద్యం అంటూ అందరూ ఆమెనే అన్నారు. కాబట్టి నీకు ‘నువ్వెక్కడ’ అనే ప్రశ్న అర్థం కాకపోతే, ఇంట్లో మొదలుపెట్టు. మీ ఇంట్లో ఎవరికి ఏ గ్లాసులో నీళ్లిచ్చేవాళ్లో గుర్తు చేసుకో. జవాబు ఏదైనా సరే, రాసుకో.

కానీ ఒక హెచ్చరిక. ఆ కథ ఉంది కాబట్టి నాకు వీళ్లు బాగా అర్థమవుతారని చాలా గర్వంగా వెళ్లాను మొదటి ఉద్యోగంలో. ఒక గర్భిణితో అరగంట మా నాయనమ్మ కథే చెప్పాను, మీదీ మాదీ ఒకే బాధ అన్నాను. బయటికొచ్చాక మా అబొరిజినల్ హెల్త్ వర్కర్ మెల్లగా, ‘నువ్వు మంచిదానివే, కానీ ఈ అరగంటలో ఆ పిల్ల ఎన్ని మాటలు మాట్లాడింది?’ అంది. లెక్కపెట్టుకుంటే పదేమో.

ప్లేస్‌మెంట్_కష్టాలు

అందరికీ థ్యాంక్స్, నిన్న రాత్రంతా ఇదే చదువుతూ కూర్చున్నాను. గ్లాసు సంగతి చదివి అమ్మకి ఫోన్ చేశాను. మా ఇంటి పనావిడకి వేరే గ్లాసు ఉండేది, పెరటి గుమ్మం పక్కన గూట్లో. నేను రోజూ చూసినా, ఎప్పుడూ ‘చూడలేదు’. అమ్మ ‘ఇప్పుడు అదెందుకే’ అంది.

ఎడారి అన్నా, నువ్వడిగిన ప్రశ్న. ఎవరూ కనుక్కోలేదు. ఈరోజు పొద్దున వార్డుకి అబొరిజినల్ లైజన్ ఆఫీసర్ (పేషెంట్లకీ ఆసుపత్రికీ మధ్య మాట కలిపే ఉద్యోగి) వస్తే ధైర్యం చేసి అడిగాను. ఆవిడకి తెలుసు! ఆ పెద్దావిడతో తోడుగా చెల్లెలు వచ్చిందట. చెల్లెలు తిరిగి వెళ్లే బస్సు ఆ రోజే. అది పోతే మళ్లీ ఎప్పుడో, టికెట్టు ఎవరిస్తారో తెలీదు. తను ఒక్కతే ఈ ఊళ్లో ఉండాలి, ఎవరూ తెలియదు, ఆ తర్వాత ఒక్కతే నాలుగొందల కిలోమీటర్లు వెళ్లాలి. పైగా వార్డులో ఏసీకి రెండు రాత్రులు వణుకుతూనే ఉందట. ఇంతే. సారీ బిజినెస్ లేదు, ఏ ఆచారమూ లేదు. నేను రెండు పేజీలు సంస్కృతి మీద రాశాను, కారణం బస్సు, దుప్పటి.

‘ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదే’ అన్నారు ఆవిడ. టికెట్టు మార్పించొచ్చట, చెల్లెలికి హాస్టల్లో చోటు చూడొచ్చట, రోజూ చేసే పనే అది. ఆ ఊరి క్లినిక్ వాళ్లతో మాట్లాడారు, కాలికి కట్టు అక్కడే మారుస్తున్నారు, మందులు అక్కడే ఇస్తున్నారు. పూర్తిగా తగ్గుతుందో లేదో ఇంకా తెలీదు.

ఎడారి_నర్సు

నూటికి తొంభై సార్లు ఇలాంటిదే ఉంటుంది చెల్లీ. వెళ్లిపోయారు అంటారు గానీ, దేనికోసం వెళ్లిపోయారో అడగరు.

డయాలిసిస్ సంగతి చెబుతాను, నీకు రాసుకోవడానికీ పనికొస్తుంది. కిడ్నీలు పోయినవాళ్లు వారానికి మూడుసార్లు మిషను మీద నాలుగైదు గంటలు ఉండాలి. ఒకప్పుడు మా వైపు దానికోసం సొంత నేల వదిలి ఆలిస్ స్ప్రింగ్స్‌కి వచ్చేయాల్సిందే, బతికినంతకాలం. చాలామంది సెషన్లు ఎగ్గొట్టి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. చార్టులో ఏం రాసేవాళ్లో నీకు తెలుసు, అదే ‘నాన్ కంప్లయంట్’. వాళ్లు ఏమన్నారంటే, మాకు మిషను వద్దని కాదు, మిషన్నే మా ఊరికి తీసుకురండి. ప్రభుత్వం కుదరదంది. పింటుపి అనే ఎడారి అబొరిజినల్ జనంలోని చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలు గీసి 2000లో సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీలో వేలం వేస్తే పది లక్షల డాలర్లు దాటి వచ్చాయి. ఆ డబ్బుతో మొదలైందే ఇప్పుడు పర్పుల్ హౌస్ అని పిలిచే సంస్థ. 2004లో ఆలిస్‌కి 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కింటోర్‌లో డయాలిసిస్ పెట్టారు. ఇప్పుడు మనవలు చుట్టూ ఆడుతుంటే మిషను మీద కూర్చుంటారు. మాట వినని పేషెంట్లు అన్నవాళ్లే మొత్తం పద్ధతిని మార్చేశారు.

ఇక ఫారంలో ప్రశ్న. మొహం చూసి టిక్ పెట్టడం ఈరోజుతో ఆపెయ్, ప్లీజ్. నీలి కళ్లు, తెల్ల చర్మం ఉన్న అబొరిజినల్ వాళ్లు బోలెడంతమంది. ‘అందరినీ అడుగుతాం’ అని చెప్పి అందరినీ అడుగు, మొహం చూడకుండా, మామూలుగా, పుట్టినరోజు అడిగినట్టు. అది ఊరికే లెక్కల కోసం కాదు. 2020 నుంచి 2022 వరకు లెక్కల్లో అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ మగవాళ్ల సగటు ఆయుష్షు 71.9 ఏళ్లు, ఆడవాళ్లది 75.6, మిగతావాళ్లతో పోలిస్తే ఎనిమిదేళ్లకు పైనే తక్కువ. చిన్నపిల్లకి కీళ్లనొప్పి, జ్వరం అని వస్తే సిటీ డాక్టరు వైరల్ అంటాడు, అదే అబొరిజినల్ పిల్ల అని తెలిస్తే రుమాటిక్ ఫీవర్ అని అనుమానించాలి, ఎందుకంటే ఈ దేశంలో మిగతావాళ్లలో దాదాపు మాయమైన ఆ జబ్బు ఇరుకు ఇళ్లల్లో ఉన్న వీళ్ల పిల్లల గుండె కవాటాల్ని ఇంకా తినేస్తోంది. తేలితే 28 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. నువ్వు తప్పు టిక్ పెడితే ఆ అనుమానమే రాకపోవచ్చు.

అన్నట్టు ఆ లైజన్ ఆఫీసర్‌కి థ్యాంక్స్ చెప్పావా? ప్రతి స్టూడెంటూ వాళ్లనే విజ్ఞానసర్వస్వం చేసి ప్రశ్నలేస్తుంటారు. వాళ్లకి వాళ్ల పనే తలకి మించి ఉంటుంది. మొత్తం చదువు ఆవిడ మీద పెట్టకు, చదవగలిగింది నువ్వే చదువుకో.

సూటిగా_చెప్తా

ఆ బస్సు సంగతి విన్నాక నాకు మా దగ్గరి గ్రీకు తాతగారు గుర్తొచ్చాడు, రాత్రిపూట స్నానం వద్దని ఏడాదిగా గొడవ చేస్తున్నాడు, ‘అగ్రెసివ్’ అని కేర్ ప్లాన్‌లో రాసింది నేనే. ఎందుకని అడగలేదు. పూర్తిగా ఒప్పుకున్నానని కాదు, రేపు అడిగి చూస్తా.

ప్లేస్‌మెంట్_కష్టాలు

థ్యాంక్స్ చెప్పాను అన్నా, కాఫీ కూడా ఇప్పించాను. ఇంకో చిన్న డౌట్. ఈరోజు ఇంకో పేషెంటుకి రెండు దుప్పట్లు తెచ్చిచ్చి, కుర్చీ వేసుకొని కూర్చున్నాను, వేళ్లు లెక్కపెట్టాను కూడా (ఏడు దాకా వచ్చింది, అప్పుడు మాట్లాడాడు, తర్వాత ఇరవై నిమిషాలు ఆపలేదు). వెళ్లేటప్పుడు ‘యు డెడ్లీ, సిస్టర్’ అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ఇది కంప్లయింటా?

ఎడారి_నర్సు

హహహ. కాదు తల్లీ, ‘డెడ్లీ’ అంటే అదిరిపోయావని. తొమ్మిదేళ్లలో నాకు నాలుగుసార్లే వచ్చింది ఆ మాట.

ప్లేస్‌మెంట్_కష్టాలు

హమ్మయ్య!! సరే, కొత్త డ్రాఫ్టు మొదలుపెట్టాను. మొదటి వాక్యం ‘హ్యాండోవర్‌లో నేను తల ఊపాను’ అని రాశాను. సమస్య ఏంటంటే బస్సు, దుప్పటి, గ్లాసు, నా చార్టు రాత, ఇవన్నీ రాసేసరికి 1900 పదాలైంది, 1500 దాటితే మార్కులు కట్. ఏది తీసేయాలి?

ఆక్లాండ్_అక్క

కళ్లలోకి చూడరు అన్న పేరా ఇంకా ఉంచావా? అది తీసెయ్.